పూత కింద "రంగం" అక్షరాలు బయటపడ్డాయి, పాత కొట్టు రిపేరుకి సలహా కావాలి

జగన్నాథపురం_కొట్టు:
కాకినాడ జగన్నాథపురంలో మాకో పాత మేడ కొట్టు ఉంది. తాతగారి కాలం నుంచి ధాన్యం గోడౌన్‌గానే వాడుతూ వచ్చాం, అంతకుముందు అందులో ఏముండేదో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇప్పుడు కింద షాపు, పైన ఆఫీసు పెడదామని నేనూ తమ్ముడూ రిపేరు మొదలుపెట్టాం. ముందుగదిలో సిమెంటు పూత ఉబ్బిపోయి ఉంటే మేస్త్రీ కొట్టేశాడు. దాని కింద వెల్ల పొరలు, అవి ఊడినచోట నీలం రంగులో జానెడేసి అక్షరాలు: "రంగం", దాని కింద "డెక్కు", ఆ పక్కన లోపలికి చూపిస్తున్న చెయ్యి బొమ్మ. చెయ్యి చూపించే వైపు గోడని తట్టితే బోలుగా మోగింది. నాలుగు ఇటుకలు తీసి చూస్తే టేకు చట్రం, ఇనప ఊచలు, కింద డబ్బు తీసుకునే చిన్న సందు, అంటే అది టిక్కెట్ల కిటికీ! పైకప్పు పెంకుల మీద 1865 అని అచ్చు ఉంది. ఇంజనీరేమో పడగొట్టి కొత్తది కట్టుకోండి అంటున్నాడు, మాకు మనసొప్పట్లేదు. ఆ రాతలు పోకుండా గోడ బాగుచేయడం ఎలా? నిజంగా 1865 నాటిదేనా?

డంగుసున్నం:
ముందు సిమెంటు పని ఆపించండి. ఆ గోడ ఇటుక, సున్నంతో కట్టింది. నేలలోంచి ఎక్కిన తేమ సున్నం పూతలోంచి బయటికి ఆరిపోతుంది, దానిమీద సిమెంటు కొడితే దారి మూసుకుపోయి తేమా ఉప్పూ లోపలే ఉండిపోతాయి, చివరికి పూతతో పాటు ఇటుక ముఖం కూడా రాలిపోతుంది. సముద్రం పక్క ఊళ్ళో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. నానబెట్టి నూరిన సున్నం, జల్లించిన ఇసుక, ఇటుక పొడి కలిపి పూయించండి. కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి చేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతకాలి.

అక్షరాల దగ్గర మాత్రం నీళ్ళు తగలనివ్వకండి. పాత రంగులు చాలావాటిలో జిగురే ఆధారం, తడి గుడ్డ పెడితే వెల్లతో పాటు అక్షరం కూడా వచ్చేస్తుంది. వైరు బ్రష్షు అసలొద్దు. పొడిగానే, వెదురు చీలికతో కొంచెం కొంచెంగా గీకించి, ప్రతి దశలో ఫొటో తీయండి. చుట్టూ పూత వేసేటప్పుడు అంచులు సున్నంతో పట్టించి వదిలేయండి. వైజాగ్‌లో ఇన్‌టాక్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) వాళ్ళ శాఖ ఉంది, అడిగి చూడండి.

పడగొట్టే మాట తర్వాత. దూలాల చివరలు గోడలోకి దూరేచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, కుళ్ళేది ముందు అక్కడే. మిగతా దూలం గట్టిగా ఉంటే చివరలు మార్చుకోవచ్చు.

పాత_దస్తావేజు:
1865 చూసి చాలామంది పొరబడతారు. అది బాసెల్ మిషన్ (స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు) వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం, తర్వాత చేసిన పెంకుల మీదా అదే అచ్చు వేశారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికెళ్ళాయి. మీ పెంకుల్లో కొన్నింటి మీద ఆ పేరు కనిపిస్తే అవి ఆ తర్వాత వేసినవి. అసలు సంగతి దస్తావేజుల్లో దొరుకుతుంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచే వస్తుంది, ఇంకా వెనక్కి కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతికించాలి. మునిసిపాలిటీలో టౌన్ సర్వే రిజిస్టరు కూడా చూడండి. వాటిలో ఫసలీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలుపుకోండి.

తూర్పుతీరం:
ఈ పోస్టు చదివి నిద్ర పట్టలేదండీ. మా ముత్తాత రంగం వెళ్ళి తిరిగి రాలేదు. కుర్రవాళ్ళకి తెలీకపోవచ్చు, రంగం అంటే రంగూన్. మన జిల్లాల నుంచి వేలమంది స్టీమర్ల మీద వెళ్ళి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కూలీలని కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ అప్పు తీరేదాకా అతని కిందే పని. డెక్కు అంటే ఓడ పైతట్టు, గది లేకుండా ఎండకీ వానకీ అక్కడే పడుకునే చవక టిక్కెట్టు. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె చేసింది మనవాళ్ళే, దాని తర్వాత జరిగిన అల్లర్లలో ఎక్కువగా చచ్చిపోయిందీ మనవాళ్ళే. 1942లో జపాను వాళ్ళు బర్మా మీదకి వస్తే వేలమంది కొండల్లో పడి నడిచి వచ్చారు. ఆ ఏప్రిల్ 6న వైజాగ్‌తో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి.

ఆ కిటికీ మళ్ళీ మూయకండి. లోపల కాగితం ముక్క దొరికినా చెత్తలో పారేయనివ్వకండి, పేర్లు ఉండొచ్చు.

జగన్నాథపురం_కొట్టు:
అందరికీ థాంక్స్. సిమెంటు పని ఆపించేశాం. పెంకులు రెండు రకాలున్నాయి, వీధివైపు వాటి మీద కామన్‌వెల్త్ అనే ఉంది. కిటికీ ఉంచేస్తున్నాం, షాపు కౌంటరు అవతలి గోడకి జరుపుతాం. తూర్పుతీరం గారూ, చట్రం వెనకున్న చెత్త ఇంకా తీయలేదు, జల్లెడ పట్టించే తీయిస్తాను. సున్నం పని తెలిసిన మేస్త్రీ పిఠాపురం, సామర్లకోట వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, వానలు మొదలయ్యేలోపు వీధి గోడ పూర్తిచేయాలి.