డిస్నీ వరల్డ్‌లో లైట్నింగ్ లేన్ పాసులు ఆరుగురికీ కొనాలా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో ఒర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాము. మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు కలిపి ఆరుగురం. బస డిస్నీ హోటల్లో కాదు, బయట అద్దెకు తీసుకున్న ఇంట్లో. మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులు తలా ఒక రోజు చూడాలని అనుకున్నాము. పదేళ్ల కిందట వెళ్లొచ్చిన స్నేహితులేమో రైడ్ల దగ్గర పొడవాటి వరుస తప్పించే ఫాస్ట్‌పాస్ ఉచితమనీ, ముందుగా బుక్ చేసుకుంటే చాలుననీ చెబుతున్నారు. యాప్‌లో చూస్తే ఇప్పుడు దాని స్థానంలో లైట్నింగ్ లేన్ పేరుతో మల్టీ పాస్, సింగిల్ పాస్, ప్రీమియర్ పాస్ అని మూడు రకాలున్నాయి, మూడింటికీ డబ్బు కట్టాలి. అత్తగారికి మోకాళ్ల నొప్పి, ఎక్కువసేపు నిలబడలేరు. ప్రవేశ టికెట్లకే చాలా ఖర్చయింది కాబట్టి ఏ పాసు, ఎవరెవరికి కొంటే సరిపోతుందో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

సమాధానం (టాంపా నుంచి)

మీ స్నేహితులు చెప్పింది అప్పటికి నిజమే. 1999లో కాగితపు చీటీలతో మొదలైన ఫాస్ట్‌పాస్, తర్వాత ఫోన్‌లోకి వచ్చిన ఫాస్ట్‌పాస్ ప్లస్, రెండూ ఉచితమే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల పార్కులు మూతపడినప్పుడు ఆగిపోయిన ఆ పద్ధతిని డిస్నీ మళ్లీ తీసుకురాలేదు. 2021 అక్టోబరులో మనిషికి రోజుకు 15 డాలర్ల ధరతో జీనీ ప్లస్‌ను ప్రవేశపెట్టి, 2024 జూలైలో దాన్ని మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. ఇప్పుడు ధర తేదీని బట్టీ పార్కును బట్టీ మారుతుంది.

తిరుమలలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్లినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. మీకు కేటాయించిన గంటలోపల వెళ్తే వేరే వరుసలో పంపుతారు గానీ, నేరుగా ముందుకు తీసుకెళ్లి కూర్చోబెట్టరు. మల్టీ పాస్‌తో ఒక పార్కులో మూడు రైడ్లకు ముందుగా సమయం తీసుకోవచ్చు, వాటిలో ఒకటి వాడుకున్నాక మరొకటి, అలా ఒక్కొక్కటిగా రోజంతా చేర్చుకుంటూ పోవచ్చు. ఒకే రైడ్‌కు మాత్రం రోజులో రెండోసారి ఇవ్వరు. ట్రాన్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ వంటి అతి గిరాకీ రైడ్లు మల్టీ పాస్‌లో ఉండవు. వాటికి సింగిల్ పాస్ విడిగా కొనాలి.

కుటుంబం మొత్తానికీ కొని తీరాలన్న నియమం ఏదీ లేదు. ట్రాన్‌కు 48 అంగుళాలు, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కు 44 అంగుళాలు, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్‌కు 40 అంగుళాల ఎత్తు ఉండాలి కాబట్టి, ముందు ఇంట్లోనే పిల్లలిద్దరి ఎత్తూ కొలిచి, ఎవరు ఏది ఎక్కగలరో రాసుకోండి. నా ఉద్దేశంలో మీ ముగ్గురికీ, అంటే దంపతులకూ బాబుకూ, కొంటే సరిపోతుంది. పాపను కాసేపు నాయనమ్మ, తాతయ్యల దగ్గర నీడపట్టున ఉంచవచ్చు. అలా వీలుకాకపోతే రైడర్ స్విచ్ అని ఉచిత సదుపాయం ఉంది. పాపతో ఒకరు బయట ఆగితే, మొదటివారు తిరిగివచ్చాక ఆగినవారు మళ్లీ మామూలు వరుసలో నిలబడకుండా లైట్నింగ్ లేన్ గుండా వెళ్లవచ్చు.

సమాధానం (షార్లట్ నుంచి)

పై సమాధానంలోని సమాచారంతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. కాకినాడ నుంచి అంత దూరం వచ్చిన పెద్దవాళ్లను జూన్ ఎండలో పిల్లల కాపలాకు కూర్చోబెట్టడం న్యాయం కాదు. పైగా మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికే వరుసలో నిలబడటం కష్టం గనుక, పాసు అందరికన్నా ముందు అవసరమయ్యేది ఆవిడకే. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజున ఆరుగురికీ మల్టీ పాస్ కొనండి, ఎందుకంటే ఎత్తు నిబంధన లేని, పెద్దవాళ్లు కూడా ఆనందించే నెమ్మది రైడ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే. హాలీవుడ్ స్టూడియోస్‌లో అటువంటివి తక్కువ కాబట్టి ఆ రోజు పెద్దలిద్దరికీ మానేయవచ్చు. యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీకి పొద్దున్నే వెళ్తే పాసు లేకపోయినా పెద్దగా ఇబ్బంది ఉండదు.

చక్రాల కుర్చీ పార్కులోనే అద్దెకు దొరుకుతుంది. మొహమాటపడకుండా తీసుకోండి. దానివల్ల వరుస తప్పదు గానీ, చాలా రైడ్లలో కుర్చీతోనే వరుస వెంట వెళ్లవచ్చు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లో కుర్చీతో సహా ఎక్కే పడవ ఉంటుంది. పీటర్ పాన్స్ ఫ్లైట్‌లో మాత్రం కదులుతున్న పట్టీ మీద నడుస్తూ ఎక్కాలి కాబట్టి, అత్తగారి కోసం ఆ స్లాటు వృథా చేయవద్దు. వైకల్యం వల్ల మామూలు వరుసలో ఆగలేనివారికి ఇచ్చే డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్ గురించి ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోకండి. 2024 నుంచి దాన్ని ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సంబంధిత సమస్యలు ఉన్నవారికే పరిమితం చేశారు.

సమాధానం (న్యూజెర్సీ నుంచి)

ప్రీమియర్ పాస్ జోలికి పోవద్దు. దానితో సమయం బుక్ చేయనక్కరలేకుండా ఒక్కో లైట్నింగ్ లేన్‌లోనూ ఒకసారి వెళ్లవచ్చు, నిజమే. కానీ 2024 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడే మనిషికి రోజుకు 129 నుంచి 449 డాలర్ల దాకా ఉంది. ఆరుగురికి లెక్క వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఆరుగురికీ, మిగతా రెండు రోజులూ నలుగురికీ కొందామని నిర్ణయించాము. బుకింగ్ ఎప్పుడు తెరుస్తారు?

సమాధానం (టాంపా నుంచి)

డిస్నీ హోటళ్లలో దిగినవారికి ఏడు రోజుల ముందు, మీవంటివారికి మూడు రోజుల ముందు, ఉదయం 7 గంటలకు తెరుస్తారు. అది ఫ్లోరిడా సమయం కాబట్టి డాలస్ నుంచి బుక్ చేసేటట్లయితే 6 గంటలకే సిద్ధంగా ఉండాలి. ఆరుగురి ప్రవేశ టికెట్లూ ముందు రోజుకే యాప్‌లో మీ ఖాతాకు జతచేసి ఉంచుకోండి.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనూ హాలీవుడ్ స్టూడియోస్‌లోనూ రైడ్లను రెండు వర్గాలుగా విడదీశారు, ముందస్తుగా ఎక్కువ గిరాకీ ఉన్న మొదటి వర్గం నుంచి ఒక్కటే ఎంచుకోనిస్తారు. మొదటి పాసు వాడుకున్న తర్వాత ఆ కట్టుబాటు ఉండదు. అందుచేత చిన్న రైడ్ అయినా సరే, ఒకదానికి వీలైనంత పెందలాడే సమయం తీసుకోండి. అది అయిపోగానే పెద్ద రైడ్లకు వెతకడం మొదలుపెట్టవచ్చు. ఇంకొక మాట: జూన్‌లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన రావడం అక్కడ మామూలే, మెరుపులుంటే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. స్లింకీ డాగ్ డాష్ వంటివి పూర్వాహ్నంలోకి పెట్టుకుని, మధ్యాహ్నానికి కప్పు కింద నడిచేవి ఉంచుకోండి. మీ సమయంలో రైడ్ ఆగిపోతే పాసు పోదు, కొన్ని ఇతర రైడ్లలో దేనికైనా వాడుకునేలా యాప్‌లో దానంతట అదే మారుతుంది.