ఖాళీ చేస్తున్నవాళ్ళ అడ్వాన్స్‌లో పెయింటింగ్ డబ్బు పట్టుకోవచ్చా?

కొత్త_ఓనర్:
మియాపూర్‌లో లోన్ మీద కొన్న టూ బీహెచ్‌కే ఫ్లాట్. మొదటిసారి అద్దెకిచ్చాను. అద్దె 22,000, అడ్వాన్స్ రెండు నెలలది 44,000. 14 నెలలున్నారు, ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. 11 నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, అందులో పెయింటింగ్ ఊసే లేదు. పక్క ఫ్లాట్ ఆయన ఒక నెల అద్దె పట్టుకోమంటున్నారు. హాల్లో ఒక గోడ నిండా పిల్లాడి క్రేయాన్ గీతలు, ఇల్లు మొత్తం మీద ఏడెనిమిది మేకులు. ఎంత పట్టుకుంటే న్యాయం?

నాలుగు_పోర్షన్లు:
నెల అద్దె పట్టుకోండి. హైదరాబాద్‌లో అందరూ చేసేదే, మొహమాటపడితే ఓనరుగా పనికిరారు. నాకు దిల్‌సుఖ్‌నగర్ వైపు నాలుగు పోర్షన్లున్నాయి, 19 ఏళ్ళుగా ఇదే పద్ధతి. రంగు వేసి ఇచ్చాం, రంగు వేసి తీసుకుంటాం.

అద్దె_బతుకు:
అందరూ చేస్తే చట్టమైపోతుందా సార్? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చూడండి. అద్దెకున్నవాడు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి గానీ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల అతని బాధ్యత కాదు. 14 నెలలకి రంగు వెలిసిపోవడం అరుగుదలే. క్రేయాన్ గీతలంటారా, ఆ ఒక్క గోడ ఖర్చు పట్టుకోండి.

సెక్షన్_17:
అగ్రిమెంట్ 11 నెలలకి, ఉన్నది 14 నెలలు. రెన్యువల్ చేయించారా?

నాలుగు_పోర్షన్లు:
పెయింటర్ వచ్చి ఒక్క గోడకి వేసి పోతాడా? పక్క గోడతో షేడ్ కలవదు. మీరు ఎప్పుడైనా ఇంటికి రంగు వేయించారా? అద్దెలో ఉండేవాళ్ళకి ఆ కష్టం తెలీదు.

అద్దె_బతుకు:
ఆ కష్టానికి పన్నులో మినహాయింపు ఇస్తున్నారుగా. అద్దె ఆదాయంలోంచి మున్సిపల్ టాక్స్ తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం మీద ఆదాయపు పన్నే ఉండదు. రిపేరు చేయించారా, బిల్లేదీ అని ఎవరూ అడగరు. నెలకి 22,000 అంటే ఏడాదికి 2,64,000. మున్సిపల్ టాక్స్ కొంచెం పోయినా, దగ్గర దగ్గర 79,000 మీద పన్ను లేదు. రిపేర్ల పేరుతో అక్కడ లాభం, పెయింటింగ్ పేరుతో ఇక్కడ మళ్ళీ వసూలు. ఒకే సున్నానికి రెండుసార్లా?

నాలుగు_పోర్షన్లు:
పన్ను మినహాయింపంటే 79,000 చేతిలో పెట్టినట్టు కాదు మాస్టారూ. దాని మీద పన్ను తప్పుతుంది, అంతే. పన్నే పడనంత ఆదాయం నాది, నాకు ఒరిగేదేంటి?

సెక్షన్_17:
ఏడాది దాటే లీజుకి 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మన రాష్ట్ర సవరణ ప్రకారమైతే ఏ లీజుకైనా తప్పనిసరే. అయినా ఆ కేంద్ర చట్టం లెక్క చూసుకునే అందరూ 11 నెలలకి రాసుకుంటారు. గడువు దాటాక అద్దె తీసుకుంటూ ఉంటే నెలనెలా సాగే అద్దె కింద లెక్క, 15 రోజుల నోటీసు చాలు. అందుకే అడుగుతున్నా. రెన్యువల్ చేయించారా లేదా?

నాలుగు_పోర్షన్లు:
ఎవరో ఆ సెక్షన్లాయనకి జవాబు చెప్పండి బాబూ.

అద్దె_బతుకు:
మీ బాధ సున్నం గురించి కాదు. చేతిలో ఉన్న డబ్బు తిరిగివ్వాలంటే ఓనర్లకి ప్రాణం ఒప్పదు.

నాలుగు_పోర్షన్లు:
మాటలు జాగ్రత్త. పోయినేడాది ఒకాయన మూడు నెలల అద్దె ఎగ్గొట్టి, 6,000 కరెంటు బిల్లు నా నెత్తిన పెట్టి, రాత్రికి రాత్రి సామాను ఆటోలో వేసుకుని పోయాడు. వంటగట్టు రాయి పగిలి ఉంది. అడ్వాన్స్ దేనికి సరిపోతుంది? ప్రైవేటులో చేసి రిటైరైనవాణ్ణి, నాకు పెన్షన్ లేదు. ఆ నాలుగు పోర్షన్లే నా పెన్షన్. మీకేం, ఇవాళ ఈ ఇల్లు, రేపు ఇంకోటి.

అద్దె_బతుకు:
"ఇంకోటి" అంత తేలిగ్గా దొరుకుతుందా? 2019లో మా నాన్న ఆసుపత్రిలో పోయారు. శవాన్ని ఇంటికి తేవద్దన్నాడు ఓనరు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చివరికి గేటు బయట రోడ్డు పక్కన ఫ్రీజర్ బాక్స్ పెట్టి, టెంట్ వేసి, చుట్టాలందరికీ అక్కడే చూపించాం. అప్పటికి ఆ ఇంట్లో ఆరేళ్ళుగా అద్దె కడుతున్నాం. రెండు నెలలకి ఖాళీ చేయించి అడ్వాన్స్‌లో 18,000 పట్టుకున్నాడు. కాగితం మీద "పెయింటింగ్" అని రాశాడు. నిజానికి అది శాంతి చేయించిన ఖర్చట. శవం లోపలికే రాని ఇంటికి శాంతి!

గోదారి_గట్టు:
అయ్యో. చదివి ఏం రాయాలో తోచలేదండీ.

నాలుగు_పోర్షన్లు:
అది తప్పే. నేనైతే అలా చేయను. కానీ నా పోర్షన్‌లో ఒక పెద్దావిడ పోతే ధనిష్ఠా పంచకం, పోయిన నక్షత్రం మంచిది కాదు, ఇల్లు మూసేయాలి అన్నారు, ఆరు నెలలు తాళం వేశాను. తర్వాత టు-లెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ళు పక్కింట్లో ఆరా తీసి మరీ వెనక్కిపోయారు. అలా ఆరా తీసింది ఓనర్లు కాదు, అద్దెకి దిగేవాళ్ళే. ఆ ఆరు నెలలు నాకెవరిచ్చారు?

అద్దె_బతుకు:
మీ నష్టం కాదనను. మనుషులున్నాక పిల్లలు గోడల మీద గీస్తారు, పెద్దవాళ్ళు పోతారు. దానివల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలన్నదే కదా మన గొడవ? అద్దెవాడే అంటారు మీరు. మరి అద్దె దేనికి తీసుకుంటున్నారు?

నాలుగు_పోర్షన్లు:
ఇంట్లో ఉన్నందుకు. ఇంటిని పాడుచేసినందుకు కాదు.

అద్దె_బతుకు:
చావడం పాడుచేయడమా?

కొత్త_ఓనర్:
గొడవ పెద్దదైంది, క్షమించండి. ఇవాళ పెయింటర్‌ని పిలిచాను. ఫ్లాట్ మొత్తానికి 24,000, హాల్ గోడ ఒక్కదానికైతే 3,500 అన్నాడు. షేడ్ కొంచెం తేడా వస్తుందట, సోఫా వెనక గోడే కాబట్టి పర్వాలేదు. 3,500 పట్టుకుని మిగతా 40,500 ఇచ్చేస్తాను. వచ్చేవాళ్ళ అగ్రిమెంట్‌లో పెయింటింగ్ సంగతి ముందే రాస్తాను. రెన్యువల్ చేయించలేదండీ.

సెక్షన్_17:
అనుకున్నా.

నాలుగు_పోర్షన్లు:
మీ ఇల్లు, మీ ఇష్టం. తాళాలు తీసుకునేముందు కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి, మెయింటెనెన్స్ బాకీ ఉందేమో అసోసియేషన్‌లో కనుక్కోండి.

అద్దె_బతుకు:
ఆ 3,500కి పెయింటర్ రసీదు కూడా వాళ్ళకి ఇవ్వండి.

కూకట్‌పల్లి_కుర్రాడు:
ఫ్లాట్ ఇంకా ఖాళీయేనా అన్నా? మేం ముగ్గురం బ్యాచిలర్స్. మేకులు కొట్టం.