వాసన విరజాజులు, రుచిలో తీపి సున్నా. ఈ సిసిలీ వైన్ పాడైందా?

టురిన్ కోడలు:
పోయిన వారం సిసిలీ వెళ్లొచ్చాం. ట్రపానీలో ఒక చిన్న షాపులో జిబిబ్బో అనే వైట్ వైన్ కొన్నా, 19 యూరోలు. బయోడైనమిక్ అని షాపాయన రెండుసార్లు చెప్పాడు. ఇంటికొచ్చి బిరడా తీయగానే విరజాజుల వాసన, వెనకే నారింజ తొక్క. తియ్యగా ఉంటుందనుకుని పెద్ద గుక్క వేశా. తీపన్నదే లేదు! చివర్లో వగరు. పైగా రంగు మసక, అడుగున మడ్డి. మా ఆయన సింకులో పోసేయమంటున్నాడు. పోసేయనా?

సరదా సత్తి:
సింకులో ఎందుకండీ, మేం లేమా?

ద్రాక్షకూలీ:
పోయకండి. చదువుకునే రోజుల్లో సిసిలీలోని మార్సాలా ఊరి దగ్గర రెండేళ్లు ద్రాక్ష కోతకు వెళ్లాను, ఈ రకమే. జిబిబ్బో అంటే అరబ్బీలో ఎండుద్రాక్షకు ఉన్న పేరు నుంచి వచ్చింది. ఆ వాసన తొక్కలో ఉంటుంది. అందులో ముఖ్యమైనది లినలూల్, మన ధనియాలకు వాసన ఇచ్చేది కూడా అదే. పులిసేటప్పుడు చక్కెర అంతా ఆల్కహాల్ అయిపోతుంది, వాసన మిగులుతుంది. ముక్కు తీపి అంటుంది, నాలుక కాదంటుంది. మొదటిసారి నేనూ మోసపోయా.

తియ్యనిది కావాలంటే పాంతెల్లెరియా దీవిలో చేసే ‘పస్సితో’ అనే వైన్ అడగాలి. పళ్లను ఎండబెట్టి చేస్తారు. ఆ దీవి సిసిలీ కంటే ట్యునీషియాకే దగ్గర. గాలి ఎంత ఉధృతమంటే తీగను గుంటలో పొట్టిగా పెంచుతారు. ఆ సాగు పద్ధతికి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

వగరు ఉందంటే రసాన్ని తొక్కలతో కలిపి కొన్నాళ్లు ఉంచి ఉంటారు. మడ్డి వడకట్టని ఈస్ట్. పంచదార పలుకుల్లాంటివి కనిపించినా భయం లేదు, చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లమే అలా గడ్డకడుతుంది. వెనిగర్ వాసనో, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనో కొడితే అప్పుడు సింకు.

గోదారి రైతుబిడ్డ:
బయోడైనమిక్ అంటే మన జీవామృతం లాంటిదా?

ద్రాక్షకూలీ:
పేడ దాకా చుట్టరికమే. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి మొదలైన సాగు ఇది. ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెడతారు. వసంతంలో బయటికి తీసి, ఆ పేడ పిడికెడు తీసుకుని నీళ్లలో వేసి గంటసేపు ఇటూ అటూ సుడి తిప్పి పొలంలో చల్లుతారు. ఆ తిప్పే పని ఒకరోజు నాకే పడింది, రెండ్రోజులు భుజం లేవలేదు. చంద్రుడి లెక్కలు కూడా ఉన్నాయి, వాటిని నేను నమ్మను. కానీ ఆ తోటలో వరసల మధ్య బాకలా చిక్కుడు చల్లి, మనం పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ దున్నినట్టే కలియదున్నేవాళ్లు. ఆ మట్టి చేత్తో పిండితే పొడిపొడిగా విడిపోయేది. అది మాత్రం కళ్లారా చూశా.

కోడలు గారూ, బాగా చల్లబరచండి. గోంగూర పక్కన పెట్టకండి, ఆ పులుపు ముందు ఈ వైన్ చప్పగా అయిపోతుంది.

టురిన్ కోడలు:
కారం తగ్గించి రొయ్యల వేపుడు చేశా. మా ఆయన రెండో గ్లాసు తనే పోసుకున్నాడు. మూడోది నేను పోశా, అడుగు మడ్డితో సహా.