సంక్రాంతికి బావ వస్తున్నాడు, ఎవల్యూషన్ గురించి ఏం చదవాలి?

మాది కావలి. మొన్న టీ బంకు దగ్గర మా బావ, "కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయిరా?" అన్నాడు. నోట మాట రాలేదు. నేను పరిణామాన్ని నమ్మేవాణ్ణే, కానీ పదో తరగతి పాఠం తప్ప ఏమీ తెలియదని అప్పుడే తెలిసింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఇప్పటి కోతి మనకు తాత కాదు, దాయాది. చింపాంజీలకూ మనకూ పూర్వీకులు ఒకరే. దారులు విడిపోయి సుమారు 60, 70 లక్షల ఏళ్లయింది. మీ పెదనాన్న పిల్లలు ఉన్నారని మీరు పుట్టకుండా ఆగారా?

జవాబు: ఒంగోలు పక్కన మిరప వేస్తాను. మొదట్లో ఒక మందు కొడితే తెల్లారేసరికి పురుగు రాలిపోయేది. నాలుగేళ్లకు రెట్టింపు కొట్టినా కాయకు బొక్క పెట్టి, తల లోపల, తోక బయట, తాపీగా తింటోంది. కల్తీ మందని కొట్టువాడితో గొడవపడ్డాను, పాపం. పురుగేమీ మందుకు అలవాటు పడలేదు. చావని ఒకటీ అరా మిగిలి గుడ్లు పెట్టాయి, ఆ గుణమే పిల్లలకూ వచ్చింది. మీ బావకు ముందు ఇది చెప్పండి, కోతి తర్వాత.

జవాబు: ఒంగోలు గిత్తను మరిచారే! అక్కడ మంచి గిత్తల్ని ఏరి పెంచింది మనిషి, పొలంలో చావని పురుగుల్ని ఏరింది మందు. మన పశువులే బ్రెజిల్‌లో 'నెలోర్' జాతి అయ్యాయి. డార్విన్ కూడా పావురాలు పెంచి చూశాడు.

అడిగినవాణ్ణి: బావది కూడా మిరప తోటే అన్నా!