అప్‌డేట్: లోడును పేరెంట్ క్లాస్‌తో సృష్టించాలా, సబ్‌క్లాస్‌తోనా?

చిత్తూరులోని మామిడి మండీ లెక్కల కోసం జావాలో రాస్తున్న ప్రోగ్రాములో, ప్రతి సరుకునూ ‘లోడు’ అనే పేరెంట్ క్లాస్‌తో (అన్ని సరుకులకూ ఉమ్మడి నమూనా) సృష్టించి, తర్వాత సబ్‌క్లాస్‌గా (దాన్నుంచి వచ్చిన ప్రత్యేక నమూనా) క్యాస్ట్ చేయబోతే, అంటే ఆ రకంగా పరిగణించమని చెప్పబోతే, రకం సరిపోలేదనే క్లాస్‌కాస్ట్ఎక్సెప్షన్ ఎర్రర్ వస్తోందని గతంలో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు, సమస్య తీరింది.

క్యాస్ట్ చేస్తే ఆబ్జెక్ట్ (క్లాస్ నమూనాతో తయారైన అసలు వస్తువు) మారుతుందనుకోవడమే నా పొరపాటు. ఆబ్జెక్ట్‌ను సృష్టించే ‘న్యూ’ అన్న క్షణంలో ఏ క్లాస్‌తో పుట్టిందో ఆ ఆబ్జెక్ట్ చివరిదాకా ఆ క్లాస్‌దే. అందువల్ల ఇప్పుడు వేరియబుల్ రకాన్ని ‘లోడు’గానే ఉంచి, న్యూ తర్వాత మాత్రం సబ్‌క్లాస్ పేరు రాస్తున్నాను, ధర లెక్కించే మెథడ్‌ను (క్లాస్‌లోని పని చేసే కోడ్ భాగం) పిలిచినప్పుడు ఏ సబ్‌క్లాస్ కోడ్ నడవాలో రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రాము నడిచేటప్పుడు, జావాయే ఎంచుకుంటుంది. ‘లోడు’ను ఆబ్‌స్ట్రాక్ట్ (నేరుగా ఆబ్జెక్ట్ సృష్టించలేని క్లాస్) చేశాను కనుక, పాత అలవాటు కొద్దీ న్యూ లోడు అని రాస్తే కంపైలరే ఆపేస్తోంది. ఏ సబ్‌క్లాస్‌తో సృష్టించాలన్న ఎంపిక మొత్తం ఒకే ఫ్యాక్టరీ మెథడ్‌లో (ఆబ్జెక్టులను తయారుచేసి ఇచ్చే మెథడ్) ఉంది.

నేను ఎక్కువగా తర్జనభర్జన పడింది మాత్రం అసలు ఎన్ని సబ్‌క్లాసులు కావాలన్న దగ్గర. తోతాపురి, బేనీషా, నీలం అంటూ ఒక్కో మామిడి రకానికీ ఒక్కో క్లాస్ రాసిపెట్టాను. తీరా చూస్తే వాటి మధ్య పేరు తప్ప లెక్కలో తేడా లేదు. అందుకని రకాన్ని మామూలు ఫీల్డ్‌గా (ఆబ్జెక్ట్‌లో ఒక వివరం దాచే చోటు) మార్చి, టన్నుల లెక్కన గుజ్జుకు వెళ్లే సరుకు, గ్రేడు చేసి అమ్మే తినే కాయ అని రెండే సబ్‌క్లాసులు ఉంచాను. కాయ ఎటు వెళ్తుందో తేలనంత వరకు గేటు దగ్గరి వివరాలు ‘గేటుచీటీ’ అనే వేరే చిన్న క్లాస్‌లో ఉంటాయి; తేలాకే లోడు పుడుతుంది.