చేపల వాడ పిల్లులకు ఆపరేషన్ ఎవరైనా చేయించారా?

కట్టకింది ఇల్లు: మాది వరంగల్ దగ్గర చెరువు కట్ట కింద వాడ. చేపలు కోసే బండల చుట్టూ పొద్దున్నుంచే పిల్లులు కాపు కాస్తాయి. కొర్రమీనుకు బూడిద పూసి బండకేసి రుద్దుతున్నంతసేపు కళ్ళు మూసుకుని పడుకుంటాయి గానీ, మొప్పలు పీకి అవతల పడేయగానే అన్నీ ఒక్కసారే ఉరుకుతాయి. వలలు కొరికే ఎలుకలు రావట్లేదని ఇన్నాళ్ళు ఎవరూ ఏమనలేదు. ఈ ఎండాకాలం ఎటు చూసినా కూనలే. సంచిలో వేసి ఊరవతల వదిలేద్దామంటున్నారు.

హన్మకొండ అక్క: వదిలేస్తే వేరేవి వస్తాయి తమ్ముడూ, తిండి దొరికే జాగా ఖాళీగా ఉండదు. నాలుగైదు నెలల వయసుకే కడుపుతో అవుతాయి, ఇంకో 65 రోజులకల్లా పిల్లలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనే దారి. ముందు మూడు రంగులున్న వాటిని పట్టండి, దాదాపు అన్నీ ఆడవే ఉంటాయి. బోను తలుపు మూసుకోకుండా తెరిచి కట్టేసి, కొన్నాళ్ళు లోపలే తిండి పెట్టి అలవాటు చేసి, ఆ తర్వాత కట్టు విప్పండి. పడ్డాక దుప్పటి కప్పితే గోల ఆపుతుంది. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరించమని డాక్టరుకు ముందే చెప్పండి, లేకుంటే చేసిన పిల్లినే మళ్ళీ మోసుకుపోతారు.

పరకాల టు వైజాగ్: ఇక్కడ సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట బంద్. ఒడ్డున పిల్లులకు చేప ముక్క కరువు, జాలర్ల ఇళ్ళలో అన్నం పెడితే అదే తింటాయి. మన దిక్కు ఉల్టా, ఎండలకు నీళ్ళు తగ్గితేనే చేపలు బాగా పడతాయి. కడుపు నిండిన పిల్లి బోను మొహం చూడదు. చెరువు నిండాక మొదలుపెట్టు అన్నా.

హన్మకొండ అక్క: ఈ మాట నాకు తట్టలేదు, కరెక్టే. అయితే పాలు తాగే కూనలున్న తల్లిని అప్పుడే పట్టొద్దు.

కాజీపేట జంక్షన్: ఆపరేషన్ అయ్యాక నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వేయకండి, పిల్లులకు అది విషం. మా గల్లీలో ఒకటి అట్లనే పోయింది. పట్టేటప్పుడు కరిచినా రక్కినా సబ్బుతో, ధారగా నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే సర్కారు దవాఖానకు పోయి రేబిస్ టీకా వేయించుకోండి. పిల్లే కదా అని ఊరుకోవద్దు.

కట్టకింది ఇల్లు: మా వాడలో చెప్పి చూస్తా. బోను కొనాలా, వెల్డింగ్ షాపులో చేయించొచ్చా?

హన్మకొండ అక్క: చేయించొచ్చు. జాలీ కన్ను మాత్రం చిన్నగా ఉండాలి, తల ఇరుక్కుంటది.