‘ప్రోగ్రెసివ్ హౌస్’లో ప్రోగ్రెసివ్‌కు తెలుగు ఏది?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. 1993 నుండి 1996 వరకు ఇంగ్లండులో వెలువడిన తొలి ప్రోగ్రెసివ్ హౌస్ (క్లబ్బులలో వాయించే ఒక తరహా ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) ఆల్బమ్‌లను తిరిగి విని, వాటిపై ఒక వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. ప్రూఫు వచ్చి చూస్తే నేను ‘ప్రోగ్రెసివ్ హౌస్’ అని రాసిన ప్రతిచోటా ‘అభ్యుదయ గృహ సంగీతం’ అని ఉంది. చదివిన మా తమ్ముడు ఇది గృహప్రవేశానికి వాయించే మేళమా అని అడిగాడు. ‘ప్రోగ్రెసివ్’ను అలాగే వదిలేయడం సోమరితనమని పత్రికవారి అభిప్రాయం. ఇక్కడ సరిపడే తెలుగు మాట ఏదో పెద్దలు చెప్పగలరు.

సమాధానం:

ముందుగా ‘గృహ’ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అందులో వాదనకు చోటు లేదు. ఈ సంగీతానికి ‘హౌస్’ అన్న పేరు ఇంటి వలన వచ్చినది కాదు. షికాగోలో ‘వేర్‌హౌస్’ అనే క్లబ్బు ఉండేది; 1977 నుండి అక్కడ ఫ్రాంకీ నకల్స్ రికార్డులు వాయించేవాడు; ఆ వేర్‌హౌస్‌లో వినిపించే తరహా పాటలకు మొదటి సగం జారిపోయి ‘హౌస్’ అన్న పేరు మిగిలిందని అందరూ చెప్పే వృత్తాంతం. అంటే అది తెగిన ముక్క. దానిని ఎలాగైనా అనువదించి తీరాలంటే ‘గిడ్డంగి’ని సగానికి కోసి ‘డంగి సంగీతం’ అనవలసి వస్తుంది. ఆ పని ఎవరూ చేయరు కనుక హౌస్‌ను హౌస్‌గానే ఉంచాలి.

‘ప్రోగ్రెసివ్’ అంత తేలికగా తేలదు. మనకు ఈ మాటకు ఒకటి కాదు, కనీసం నాలుగు తెలుగులు ఉన్నాయి, ఏ వాడలో ఆ తెలుగే చెల్లుతుంది. సాహిత్యంలో అది ‘అభ్యుదయ’. 1943లో తెనాలిలో అరసం (అభ్యుదయ రచయితల సంఘం) ఏర్పడిన నాటి నుండి ఆ మాటకు ఒక జెండా రంగు అంటుకుంది, అంతకు ముందు మాత్రం అది ఉత్తరాల చివర ‘మీ అభ్యుదయాన్ని కోరుతూ’ అని రాసుకునే శుభప్రదమైన మాట. విద్యార్థి, మహిళా సంఘాల పేర్లలో ‘ప్రగతిశీల’. అర్థశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగే పన్ను ‘పురోగామి పన్ను’. కళ్ళద్దాల దుకాణంలో మాత్రం అనువాదమే లేదు, ‘ప్రోగ్రెసివ్ వేయమంటారా, బైఫోకల్ చాలా’ అని అడుగుతారు, మనకు వెంటనే అర్థమవుతుంది. మీ పత్రికవారు చేసిన పొరపాటల్లా సాహిత్యపు పేజీ నిఘంటువును సంగీతపు పేజీకి తెచ్చుకోవడమే.

ఈ సంగీతంలో ‘ప్రోగ్రెసివ్’ అంటే ఏమిటన్నది అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో దానికి రెండు అర్థాలు ఉన్నాయి, ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి, మీ వ్యాసం సరిగ్గా ఆ రెంటి మధ్య వంతెన మీద నిలబడి ఉంది. 

మొదటిది 1992 నాటిది. ఆ ఏడాది ‘మిక్స్‌మ్యాగ్’ అనే బ్రిటిష్ నృత్య సంగీత పత్రిక జూన్ సంచికలో డామ్ ఫిలిప్స్ అనే విలేఖరి ఈ పేరు పెట్టాడు. (తరువాత బ్రెజిల్‌లో పని చేస్తూ, 2022లో అమెజాన్ అడవిలో హత్యకు గురైన పాత్రికేయుడు ఈయనే.) గట్టిగా మోగుతూనే రాగం పోగొట్టుకోని, ఉర్రూతలూగిస్తూనే ఆలోచనను వదలని ఒక కొత్త బ్రిటిష్ హౌస్ పుట్టిందని ఆయన భావం. అప్పటికి ఇంగ్లండు రేవ్‌లలో, అంటే రాత్రంతా సాగే నృత్య వేడుకలలో, హార్డ్‌కోర్ అనే సంగీతం రాజ్యమేలుతోంది: వేగం ఏటేటా పెరిగేది, గాయకుల గొంతులను కీచుమనేంతగా వేగం పెంచి అతికించేవారు. దానికి ఎదురుగా నిలబెట్టిన మాట ‘ప్రోగ్రెసివ్’. 1970ల నాటి ప్రోగ్రెసివ్ రాక్ గుర్తున్న పాఠకులకు ఆ మాటలో ‘మేము ఆలోచనపరులం’ అన్న చిన్న గర్వం కూడా వినిపించి ఉంటుంది. ఈ అర్థానికైతే ‘పురోగామి’ సరిపోతుంది. మీరు వెనుకబడ్డారు, మేము ముందున్నాము అన్న పోటీ అందులో ఉంది. నిజం చెప్పాలంటే ‘అభ్యుదయ’ కూడా దీనికి మరీ దూరం కాదు, గృహంతో కలపకపోయి ఉంటే.

రెండవ అర్థం పాటల నిర్మాణంలో నుండి వచ్చింది. పేరు పెట్టిన రోజుకు ఈ సంగీతం దాదాపుగా పన్నెండు అంగుళాల సింగిల్ రికార్డులలోనే ఉంది; లెఫ్ట్‌ఫీల్డ్ జంట నీల్ బార్న్స్, పాల్ డేలీలకు, విలియం ఆర్బిట్ తదితరుల గెరిల్లా రికార్డ్స్‌కు పేరు తెచ్చినవి అవే. ఆల్బమ్‌లు తరువాత వచ్చాయి: 1993లో స్పూకీ వారి ‘గార్గాంచువన్’, 1994లో అండర్‌వరల్డ్ వారి ‘డబ్‌నోబాస్‌విత్‌మైహెడ్‌మ్యాన్’, 1995 జనవరిలో లెఫ్ట్‌ఫీల్డ్ వారి ‘లెఫ్టిజం’, అదే ఏడాది అమెరికన్ అయిన బీటీ ‘ఇమా’. ఆల్బమ్ చేతికి వచ్చాక వీరికి చోటు దొరికింది. అండర్‌వరల్డ్ వారి ‘స్కైస్క్రేపర్’ పాట ఒక్కటే పదమూడు నిమిషాలు దాటుతుంది. ‘లెఫ్టిజం’ మొదటి పాట ‘రిలీజ్ ది ప్రెషర్’ విని చూడండి. దరువు వెంటనే రాదు. ముందు స్వరాలు నేల మీద తడి పరుచుకున్నట్టు పరుచుకుంటాయి, ఆపై ఎర్ల్ సిక్స్‌టీన్ గొంతు వస్తుంది, తరువాత గానీ కాళ్ళకు పని చెప్పే దరువు దిగదు. ఇక్కడ ‘ప్రోగ్రెసివ్’ అంటే ముందున్నవాడు అని కాదు, ఒక్కొక్క పొరగా చేరుతూ పోయేది అని. ఈ అర్థానికి ‘పురోగామి’ పనికిరాదు, ‘అభ్యుదయ’ అసలే పనికిరాదు. ‘అంచెలంచెలుగా’ అన్న మన పాత మాటే దగ్గరగా వస్తుంది.

వ్యాఖ్య (లెక్కల మాస్టారు):

పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడిగా ఒక మాట జోడిస్తాను. పదవ తరగతి పుస్తకంలో ‘ప్రోగ్రెషన్స్’ పాఠానికి తెలుగు పేరు ‘శ్రేఢులు’. ప్రతి మెట్టు దగ్గర ఒక నిర్ణీత మొత్తం చేరితే అంకశ్రేఢి, నిర్ణీత గుణకంతో హెచ్చితే గుణశ్రేఢి. మీరు చెప్పే సంగీతంలో పొరలు కూడా లెక్క ప్రకారం చేరుతున్నట్టయితే ‘శ్రేఢి’ నుండి ఒక విశేషణం చేసుకోవచ్చును కదా?

సమాధానం:

మాస్టారూ, మీ ఊహ అందంగా ఉంది, లెక్క కూడా కుదురుతుంది. ఈ పాటలలో మార్పు ఎక్కడ పడితే అక్కడ రాదు. సాధారణంగా 16 లేదా 32 ఆవర్తనాల గడువు దగ్గర వస్తుంది. ఆవర్తనానికి నాలుగు దరువులు, నిమిషానికి 120 దరువులు అనుకుంటే 16 ఆవర్తనాలకు 64 దరువులు, అంటే 32 సెకన్లు. ప్రతి అర నిమిషానికి ఒక తాళపు చప్పుడో, ఒక మంద్రస్వరమో చేరుతుంది. అచ్చంగా మీ అంకశ్రేఢే. చిక్కల్లా ఏమిటంటే శ్రేఢి పెరిగితే పెరుగుతూనే ఉంటుంది, ఈ పాటలో మధ్యలో ఒకచోట దరువంతా తీసేసి స్వరాలను మాత్రమే తేలనిస్తారు, తిరిగి దరువును దింపుతారు. పైగా ‘శ్రైఢిక హౌస్’ అని రాస్తే చదివేవాడు పదవ తరగతి పరీక్ష హాలులో పడతాడు.

పోలిక కావాలంటే నేను లెక్కల పుస్తకం కంటే తాళశాస్త్రాన్ని ఆశ్రయిస్తాను. తాళ దశప్రాణాలలో ‘యతి’ ఒకటి. ఆవు తోకలా సన్నబడుతూ పోయేది గోపుచ్ఛ యతి. ఏరులా సన్నగా పుట్టి వెడల్పయ్యేది స్రోతోవహ యతి. ముత్తుస్వామి దీక్షితుల ఆనందభైరవి కృతి ‘త్యాగరాజ యోగ వైభవం’లో రెండూ ఉన్నాయి: పల్లవిలో ‘త్యాగరాజ యోగ వైభవం, అగరాజ యోగ వైభవం, రాజ యోగ వైభవం’ అంటూ తరుగుతాడు, చరణంలో ‘ప్రకాశం, స్వరూప ప్రకాశం, తత్త్వస్వరూప ప్రకాశం, సకల తత్త్వస్వరూప ప్రకాశం’ అంటూ పెంచుతాడు. ప్రోగ్రెసివ్ హౌస్ పాట దరువు వేసుకుంటూ స్రోతోవహంగా విస్తరిస్తుంది, ముగింపులో ఒక్కొక్క పొర ఊడి గోపుచ్ఛమవుతుంది. ఆ ఊడడం వెనుక అవసరం ఉంది: తరువాతి రికార్డును దాని మీదకు తేవడానికి డీజేకు ఖాళీ కావాలి. ఈ మాటలను పేరుగా వాడమని నేను అనడం లేదు, వ్యాసంలో వివరణగా ఒక్కసారి వాడితే తెలుగు పాఠకుడికి విషయం చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారికీ మీకూ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. ‘ఆల్బమ్’ను కూడా పత్రికవారు ‘గీతమాల’ చేశారు. దానిని ఏం చేయమంటారు?

సమాధానం:

ఇక్కడ మాత్రం ఇంగ్లిషు కంటే తెలుగే నయం. మనకు సంపుటికీ సంకలనానికీ తేడా ఉంది: ఒకే కథకుడి కథలు సంపుటి, పలువురి కథలను ఒక సంపాదకుడు ఏరి కూర్చితే సంకలనం. మీ వ్యాసంలోని రికార్డులు సరిగ్గా ఈ గీత వెంబడి చీలుతున్నాయి. ‘లెఫ్టిజం’ సంపుటి, అందులోని పదకొండు పాటలూ ఆ జంట కట్టినవి, పాడడానికి మాత్రం బయటివారిని పిలిచారు. సాషా, జాన్ డిగ్‌వీడ్ అనే డీజేలు 1994లో మూడు సీడీలుగా తెచ్చిన ‘రెనసాన్స్: ది మిక్స్ కలెక్షన్’, 1996లో తెచ్చిన ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’ సంకలనాలు, పాటలు ఇతరులవి, వరుస వారిది. ఇంగ్లిషులో రెండింటినీ ఆల్బమ్ అనేయడం వలన సంకలనకర్త చేసిన పని మరుగున పడుతుంది. నా మట్టుకు ఈ కాలంలో ‘ప్రోగ్రెసివ్’ అన్న మాటకు రెండవ అర్థాన్ని స్థిరపరచినవి సంపుటాల కంటే ఈ సంకలనాలే. ఒక పాటలో జరిగే అంచెలంచెల పెరుగుదలను వారు గంటకు పైగా నడిచే డిస్కు మొత్తానికి విస్తరించారు. ‘ఇమా’ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది: పాటలు బీటీవి, కానీ వాటినే కలిపి సాషా నలభై నిమిషాలకు పైగా సాగే ఒక ప్రయాణంగా మలిచాడు. దానిని ఏమనాలో మీరే నిర్ణయించండి.

ఒక హెచ్చరిక. 2010 ప్రాంతానికి పెద్ద మైదానాల ఉత్సవాలలో అరిచి పాడే పాటలకు కూడా ‘ప్రోగ్రెసివ్ హౌస్’ అన్న చీటీయే అంటించారు. వాటిలో నేను చెప్పిన నిదానం లేదు. కనుక మీ శీర్షికలో ‘తొలి’ అన్న మాటను పత్రికవారు తీసేయకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

వ్యాసం మొదటి వాక్యాన్ని ఇలా మార్చాను: ‘హార్డ్‌కోర్ పరుగుకు ఎదురు నిలిచి తనను తాను పురోగామి అనుకున్న ఈ హౌస్ సంగీతం, నాలుగేళ్ళలో అంచెలంచెలుగా విస్తరించే ఒక నిర్మాణానికి పేరైంది.’ ‘ప్రోగ్రెసివ్ హౌస్’ను పేరుగా అలాగే ఉంచాను. అండర్‌వరల్డ్ సంపుటి పేరును ప్రూఫులో ‘డబ్ నో బాస్ విత్ మై హెడ్ మ్యాన్’ అని విడదీశారు. అలా ఉండనివ్వవచ్చునా?

సమాధానం:

వాక్యం బాగుంది. పేరును మాత్రం మళ్ళీ కలిపేయండి. కేసెట్ మీద రాసుకున్న రాతను అండర్‌వరల్డ్ గాయకుడు కార్ల్ హైడ్ తప్పుగా చదవడం వలన పుట్టిన పేరు అది. అట్ట మీద ఖాళీలు లేకుండా, పెద్దబడి అక్షరం లేకుండా ఒకటే మాటగా వేశారు. తెలుగు లిపికి పెద్దబడి, చిన్నబడి అన్న తేడా లేదు కనుక సగం వింత ఇప్పటికే పోయింది, ఆ మిగిలిన సగాన్నైనా ప్రూఫు దిద్దేవారి నుండి కాపాడండి.